వెలిసిన ముక్క

వసుమతి ఇరవై రెండేళ్లుగా మైనం కోస్తోంది. ఎవరైనా అడిగితే లాబ్ టెక్నీషియన్‌నని చెబుతుంది గానీ, అసలు అడిగేవాళ్లే తక్కువ. ఆపరేషన్లలో మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కలు ఆబిడ్స్‌లో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులోని లాబ్‌కు సీసాల్లో వస్తాయి. వాటి మీద కరిగిన మైనం పోసి చిన్న గట్టి బిళ్లలుగా చేస్తారు. ఆ బిళ్లను బ్లాక్ అంటారు. బ్లాకును మిషనుకు బిగించి, తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుండే పొరలు కోసి, గాజు స్లైడు మీదికి ఎత్తడం ఆమె పని. డాక్టరు రామచంద్రమూర్తిగారు మైక్రోస్కోపులో చూసి రిపోర్టు రాసేది ఆ పొరను బట్టే.

మే నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా, కౌంటర్లో కూచునే సుష్మ లోపలికి వచ్చింది. ఒక పేషెంటు గంట నుంచి కదలడం లేదట. డాక్టరుగారు రేపటిదాకా రారని చెప్పినా వినడట. మీరే చెప్పి పంపండి మేడమ్ అని, జవాబు కోసం ఆగకుండా అతన్ని లోపలికి తోలి తన దారిన తాను పోయింది.

వచ్చినవాడికి యాభై దాటి ఉంటాయి. అంత ఎండలోనూ టోపీ తీయలేదు. టోపీ అంచు కింద నుంచి కుట్ల గీత చెవి మీదుగా వెనక్కి పోయింది. పేరు బాలకిషన్. సుల్తాన్ బజార్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. చీర తెచ్చి చూపిస్తే దాని రంగుకు సరిపోయే జాకెట్ ముక్క, లైనింగు వెతికి కత్తిరించి ఇచ్చే పని. ఫిబ్రవరిలో అతని తలలోంచి గడ్డ తీశారు. మొత్తం రాలేదు. ఇప్పుడు ఒక పెద్ద దవాఖానలో అలాంటి గడ్డకు కొత్త మాత్ర ఇచ్చి చూస్తున్నారు, కానీ అందరికీ ఇవ్వరు. గడ్డలో ఫలానా ఎంజైము పనిచేస్తున్నట్టు పరీక్షలో తేలితేనే ఇస్తారు. ఏప్రిల్లో ఈ లాబ్ ఇచ్చిన రిపోర్టులో అది నెగెటివ్ అని ఉంది. ఈ శనివారం నాలుగింటికి వాళ్లు లిస్టు మూసేస్తారు.

ఇదంతా చెప్పి అతను ఆమె కాళ్లావేళ్లా పడలేదు, సిఫారసు అడగలేదు. "ఆ నెగెటివ్ అనేది ఎట్లుంటదో జర నాకు చూపెడ్తరా మేడమ్?" అన్నాడు.

పేషెంట్లకు స్లైడ్లు చూపించకూడదు. ఆ మాటే చెప్పబోయింది. ఈలోగా అతను కోత మిషను చక్రాన్ని చూసి, ఇది మీరే తిప్పుతరా అని అడిగాడు. ఔనంది. చేత్తోనేనా అని మళ్లీ అడిగాడు. ఆ ప్రశ్న ఆమెను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. పొద్దున పాలవాడితో ఒక మాట, సుష్మతో నాలుగు మాటలు, సాయంత్రం నాంపల్లిలో కిరాయి గది తాళం తీశాక ఇక మాటే లేదు. తల్లి పోయిన మూడేళ్ల నుంచీ ఇదే వరస. ఒంటరితనం ఎంత ముదిరితే మనిషి ఇంత చిన్న ప్రశ్నకు అంత పొంగిపోతుందో, చూసేవాళ్లు ఉంటే ఆమె ముఖంలో చూసి ఉందురు. డబ్బా మూత పెట్టేసి లేచి స్లైడు తీసింది.

ఎంజైము సంగతి తనకు తెలిసినట్టు చెప్పింది. పెరగమని బయటి నుంచి వచ్చే కబురును కణం లోపలికి మోసుకుపోయే ఎంజైములు కొన్ని ఉంటాయి. మోసే పని ఉన్నప్పుడు వాటికి ఫాస్ఫేటు తగులుకుంటుంది, పని అయిపోగానే ఊడిపోతుంది. కొన్ని గడ్డల్లో మాత్రం ఊడదు. బయటి నుంచి ఏ కబురూ రాకపోయినా అవి మోస్తూనే ఉంటాయి, కణాలు చీలుతూనే ఉంటాయి. కొత్త మాత్ర ఆ మోతను ఆపడానికే. ఫాస్ఫేటు తగిలిన ఎంజైమును మాత్రమే పట్టుకునే పరీక్ష మందు ఒకటి ఉంది. దాన్ని పొర మీద వేస్తే, ఎంజైము పనిచేసే చోట గోధుమ రంగు తేలుతుంది. లేనిచోట అంతా నీలమే.

"మీది నీలమే వచ్చింది. అంటే గడ్డ మెల్లగ పెరిగే రకం. అది మంచిదే గదా అన్నా" అంది.

"డాక్టర్లు గూడ అట్లనే అన్నరు. మంచిదే గానీ, ఆ మంచిదానికి మాత్ర లేదంటున్నరు" అన్నాడు బాలకిషన్.

కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, ఒక కన్ను మూసి మైక్రోస్కోపు మీదికి వంగాడు. ఆ స్లైడు మీద రెండు పొరలుంటాయి. ఎడమది పరీక్ష సరిగా జరిగిందని రుజువు కోసం పెట్టేది, గోధుమ రంగు తప్పకుండా వస్తుందని ముందే తెలిసిన ముక్క. కుడిది పేషెంటుది. అతను కుడిదాన్ని చూశాడు, ఎడమదాన్ని చూశాడు, మళ్లీ కుడిదానికి వచ్చాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"మేడమ్, ఇది రంగు ఎక్కని ముక్క కాదు. రంగు పోయిన ముక్క. పక్కది తాజా మాల్. నాది ర్యాకు మీద పడి ఎలిసిపోయిన బట్ట తాను తీరుగున్నది. గా మూలకు చాయ్ మరక అసుంటిది కనబడుతలేదా మీకు?"

వసుమతికి చిర్రెత్తుకొచ్చింది. ఇది బట్టల దుకాణం కాదన్నా అని కాస్త గట్టిగానే అంది. అతను వెంటనే వెనక్కి తగ్గి, తప్పుగా అంటే మాఫ్ చేయమని చెప్పి, టోపీ సవరించుకుని మెట్లు దిగిపోయాడు. ఆమె డబ్బా తెరిచింది గానీ అన్నం లోపలికి పోలేదు.

బుధవారం పొద్దున అందరికంటే ముందు వచ్చింది. బాలకిషన్ స్లైడును, ఏ అనుమానమూ లేని ఇంకో నెగెటివ్ స్లైడును పక్కపక్కన పెట్టుకుంది. ఆ రెండోది కడిగినట్టు నీలంగా ఉంది. బాలకిషన్‌ది అలా లేదు. ఒక మూలగా, కణాల గుంపు మీద, చెరిపేసినట్టుండే పల్చటి గోధుమ జీర. ఎవరూ చెప్పకపోతే కంటికి ఆనదు. చెప్పాక ఇక అది తప్ప ఏదీ కనిపించలేదు.

ఎందుకలా ఉందో ఆమెకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఈ నగరంలో రోగం వచ్చినవాడు ఒక్క దవాఖానను నమ్ముకుని కూచోడు. ఒకచోట కోయించుకుంటాడు, ఖైరతాబాద్‌లో ఇంకో డాక్టరుకు చూపిస్తాడు, బంధువులు చెప్పిన మూడోచోటికీ పోతాడు. ఎక్కడికి పోయినా బ్లాకు తెమ్మంటారు. లాబ్‌లో సంతకం పెట్టి, తన గడ్డను తానే ప్లాస్టిక్ కవర్లో వేసుకుని పట్టుకుపోతాడు. పోయిన బ్లాకు తిరిగి వచ్చేది తక్కువ. తర్వాత ఏ పరీక్ష కావలసి వచ్చినా చేయడానికి ఏమీ మిగలదు. అందుకని పదేళ్ల కిందట వసుమతి ఒక పద్ధతి పెట్టుకుంది. బ్లాకు చేతిలో ఉండగానే పది పొరలు అదనంగా కోసి, స్లైడ్ల మీదికి ఎత్తి, పేరు రాసి, చెక్కపెట్టెలో దాచేది. ఆమె ముందుచూపును డాక్టరుగారు నలుగురిలో మెచ్చుకున్నారు. పెట్టెకు వేరే చోటు లేక పొరలు ఆరబెట్టే ఓవెను మీది అరలో పెట్టింది.

మామూలు పరీక్షలకు ఆ పాత పొరలతో ఏ ఇబ్బందీ రాలేదు. ఈ ఎంజైము పరీక్ష అలాంటిది కాదు. మైనం మధ్యలో ఏళ్ల తరబడి చెక్కుచెదరని ఫాస్ఫేటు గుర్తు, కోసి బయటపెట్టిన పొరలో గాలికీ వేడికీ కొన్ని వారాల్లో చెడిపోతుంది. తాజాగా కోసిన పొరలే వాడాలని మందుతో వచ్చిన కాగితంలో ఉంది. ఆమె చదివింది కూడా. బాలకిషన్ బ్లాకు పట్టుకుపోయాడు గనక, ఏప్రిల్లో అతని పరీక్ష ఫిబ్రవరిలో కోసి దాచిన పొరతోనే చేసింది. పెట్టెలోవి తను కోసినవేనాయె, అవి తాజావి కావని ఆమెకు తట్టనే లేదు. ఎడమవైపు పెట్టే రుజువు ముక్కను మాత్రం ప్రతిసారీ అప్పటికప్పుడు కోసేది, అది ప్రతిసారీ చక్కగా గోధుమ రంగుకు తిరిగేది. ఇక అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది?

ఫైలులో నంబరు వెతికి బాలకిషన్‌కు ఫోన్ చేసి, మీ బ్లాకు మీ దగ్గరే ఉందా అని అడిగింది. ఉందన్నాడు. ఇంట్లో పెడితే వాళ్లావిడ భయపడుతుందని దుకాణంలో హుక్కుల డబ్బాలో దాచాడట.

మధ్యాహ్నానికి తెచ్చాడు. లైనింగు గుడ్డలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. పొమ్మంటే పోయేవాడే గానీ ఆమె పొమ్మనలేదు, స్టూలు జరిపింది. బ్లాకును మంచు మీద కాసేపు బోర్లించి, మిషనుకు బిగించి, చక్రం తిప్పింది. మొదటి పొరలు చిరుగులు చిరుగులుగా వచ్చాయి, వాటిని పారేసింది. తర్వాత ఒకదానికొకటి అంటుకుని సన్నటి రిబ్బన్‌లా దిగడం మొదలైంది. ఊపిరి బిగబట్టి, కుంచె కొనతో ఆ రిబ్బన్‌ను ఎత్తి గోరువెచ్చని నీళ్ల మీద వదిలింది. ముడతలు విప్పుకుని అది పరుచుకుంది. స్లైడును నీళ్లలోకి ఏటవాలుగా ముంచి, పొర మీదికి ఎక్కగానే పైకి తీసింది.

బాలకిషన్ రెప్ప వేయకుండా చూశాడు. అతని ఎడమచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఆ వేళ్లకు ఇప్పుడు స్పర్శ సరిగా తెలియడం లేదట. ఇదివరకు బట్టను ఆ వేళ్లతో నలిపితే చాలు, రూబియానా పాప్లినా అన్నది చూడకుండానే చెప్పేవాడు. ఇప్పుడు కళ్లతోనే నెట్టుకొస్తున్నాడు, సేటుకు ఇంకా తెలియదు. రాబోయే పెళ్లిళ్ల సీజను గడిస్తే చాలన్నాడు. మాటల మధ్యలో ఆమెను ఎగాదిగా చూసి, చీర నేరేడు రంగు, జాకెట్ వంకాయ రంగు, మీకు ఈ ముక్క అంటగట్టినోడెవడు మేడమ్ అని అడిగాడు. వసుమతి పకపకా నవ్వింది. ఆ చప్పుడుకు సుష్మ తలుపు దగ్గరికి వచ్చి, ఇదేం వింతరా అన్నట్టు చూసి పోయింది.

"మళ్లా ఎందుకు కోస్తున్నరు మేడమ్? అప్పటి ముక్కకు ఏమైంది?"

చెప్పాల్సిన సమయం అదే. నోటిదాకా వచ్చింది. చెబితే ఈ స్టూలు ఖాళీ అవుతుందని అనిపించింది, అంతే, మాట మింగేసింది. ఇంకోసారి చూద్దామని కోస్తున్నానంది.

"మీ అసుంటోళ్లు ఎంతమంది ఉంటరు మేడమ్, ఒక పేషెంటు అన్న మాట పట్టుకుని ఇంత కష్టపడేటోళ్లు" అన్నాడు బాలకిషన్.

ఆ మెప్పు ఆమెకు దక్కాల్సింది కాదు. అయినా కాదనకుండా పుచ్చుకుంది. ఆ రాత్రి నిద్ర రాకపోవడానికి ఉక్క కారణమని తనకు తాను చెప్పుకుంది.

గురువారం పొద్దున ఓవెన్లో ఆరిన పొరలు తీసి, మైనం కరిగించి, కడిగి, మందు వేసి, గంటన్నర ఆగి, మళ్లీ కడిగింది. రంగు తేలే ద్రావకం ఆఖరున వేయాలి. చుక్కలు పడ్డ నిమిషంలోనే మైక్రోస్కోపు అవసరం లేకుండా కంటికే కనిపించింది. కుడివైపు ముక్క గోధుమ రంగుకు తిరుగుతోంది. చూస్తుండగా ముదిరింది. గడ్డలో ఎంజైము ఉంది, దండిగా ఉంది, ఫిబ్రవరి నుంచీ ఉంది. మెల్లగా పెరిగే గడ్డ అని చెప్పి పంపిన మనిషి తలలో అది రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంది. వసుమతి స్లైడును నీళ్లలో కడిగి పక్కన పెట్టింది.

అంతటితో అయిపోతే బాగుండేది. ఏ స్లైడు పెట్టెలోంచి ఏ రోజు తీసిందో ఆమె ఒక నోటుబుక్కులో రాసుకునే అలవాటు. ఆ పుస్తకం ముందేసుకుని కూచుంది. ఈ పరీక్ష మొదలుపెట్టిన ఏడాదిన్నరలో పాత పొరలతో చేసి నెగెటివ్ ఇచ్చినవి, బాలకిషన్‌ది కాక, పదకొండు.

శుక్రవారం డాక్టరు రామచంద్రమూర్తిగారు రెండు స్లైడ్లనూ చూశారు. ఆయన గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మనిషి, గొంతు పెంచి మాట్లాడడం ఎరగరు. చాలాసేపు చూసి, కుర్చీలో వెనక్కి వాలి, సంతకం పెట్టే ముందు పొర ఎప్పటిదని నేనూ అడగలేదు కదండీ అన్నారు. తర్వాత, మళ్లీ చేస్తే పాజిటివ్ వచ్చిందని రాసిద్దాం, కారణం రాయనక్కర్లేదు, అతనికి కావలసింది మాత్రే కదా అన్నారు. వసుమతి నోటుబుక్కు ఆయన ముందు పెట్టింది.

ఆయన పేర్లు ఒక్కొక్కటే చదివారు. నలుగురు చనిపోయినట్టు ఆయనకే తెలుసు. వాళ్ల పేర్ల దగ్గర వేలు కాసేపు ఆగి కదిలింది. ఏడుగురు మిగిలారు.

"కారణం రాస్తే రేపటి నుంచి మనకు బ్లాకులు ఎవరు పంపుతారండీ?" అన్నారు.

"పంపరు సార్" అంది వసుమతి. "రాయకుంటే ఈ ఏడుగురు నెగెటివ్ అనుకునే ఉంటరు."

ఆయన పెన్ను తీసి, బాలకిషన్ రిపోర్టులో పాత పొర వల్ల వెనకటి ఫలితం తప్పుగా వచ్చిందని ఒక వాక్యం రాసి సంతకం పెట్టారు. పెట్టెలోని పొరలన్నీ పారేయించమన్నారు. చివర తల దించుకుని, మిగిలినవాళ్లకు ఫోన్లు మీరే చేయండి, అది నాకు చేతకాదు అన్నారు.

శనివారం పదింటికి బాలకిషన్ వచ్చాడు. స్టూలు మీద కూచుని, ముందు ఆమె ముఖం చూశాడు.

"ఉన్నదా?"

"ఉన్నది."

అతను నవ్వాడు. పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వాడు. తర్వాత ఆ నవ్వు దానంతటదే పోయింది. గడ్డ మెల్లగా పెరిగే రకం కాదన్నమాట అని అతనే మెల్లగా అన్నాడు. వసుమతి రిపోర్టు అతని చేతికి ఇవ్వకుండా పట్టుకుని, మొత్తం చెప్పింది. చెక్కపెట్టె సంగతి, ఓవెను సంగతి, కాగితంలో చదివి కూడా పట్టించుకోని సంగతి, బుధవారం అడిగినప్పుడు దాచిన సంగతి.

"అంటే ఏప్రిల్లనే మాత్ర దొరికేది నాకు."

"ఔ."

"నెల రోజులు పోయినయి."

"నా వల్లనే పోయినయి."

తిడతాడని చూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. బాలకిషన్ కుడిచేత్తో ఎడమచేతి వేళ్లను ఒకటొకటిగా ఒత్తుకుంటూ కూచున్నాడు. కాసేపటికి లేచి రిపోర్టు అందుకున్నాడు, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. వస్తానని అనలేదు. ఎంత కోపంలో ఉన్నవాడైనా గుమ్మం దాటేటప్పుడు ఆ ఒక్క మాట అంటాడు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు కింది దాకా వినిపించింది.

ఆదివారం నాంపల్లి గదిలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. సోమవారం పెద్ద దవాఖాన నుంచి సుష్మకు ఫోన్ వచ్చింది, బాలకిషన్ పేరు లిస్టులో చేరిందని, బ్లాకు పంపమని. ఆ కబురు చెప్పుకోడానికి వసుమతికి ఎవరున్నారు? బ్లాకు పంపాక, మిగతా ఏడుగురిలో ఇద్దరికి ఫోన్ చేసింది. ఒకాయన శాంతంగా విని, బ్లాకు తీసుకొస్తానన్నాడు. రెండో ఫోను ఎత్తినవాడు పేషెంటు కొడుకు. మాట పూర్తి కాకముందే, మా అమ్మకు ఇంక లేవలేని రోజులొచ్చినంక ఇప్పుడా చెప్పేదని అరిచి పెట్టేశాడు. మూడోది చేయడానికి చెయ్యి రాలేదు. రేపు చేద్దామనుకుంది.

మంగళవారం సాయంత్రం ఆమె నాంపల్లి వైపు తిరగాల్సింది పోయి సుల్తాన్ బజార్‌కు నడిచింది. ఎందుకు పోతున్నావని ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేది. మ్యాచింగ్ సెంటర్ వెతకడం కష్టం కాలేదు. బాలకిషన్ ఒకామె తెచ్చిన చీర చెంగు పట్టుకుని, మూడు ముక్కలు భుజాన వేసుకుని, ఆమెను దుకాణం గడప బయటికి తీసుకొచ్చి వెలుగులో చూపిస్తున్నాడు. ట్యూబులైటు కింద రంగు నమ్మొద్దమ్మా, ఇక్కడ చూడున్రి అంటున్నాడు. చూపిస్తూ చూపిస్తూ తల తిప్పి వసుమతిని చూశాడు.

పలకరించలేదు. బేరం పూర్తిచేశాడు, ముక్క కొలిచి కత్తిరించాడు, కాగితంలో చుట్టి ఇచ్చాడు. అంతసేపూ వసుమతి మెట్టు కింద నిలబడే ఉంది. మనుషులు రాసుకుంటూ పోతున్నారు. ఆమె వెళ్లిపోదామని అడుగు వేయబోతుండగా అతను గడప దగ్గరికి వచ్చాడు.

"మిగిలినోళ్లు ఎంతమంది?" అని అడిగాడు. తనలాంటివాళ్లు ఇంకొందరున్నారని ఆమె చెప్పలేదు, అతనే ఊహించుకున్నాడు.

"ఏడుగురు. ఇద్దరికి చెప్పిన."

"ఐదుగురున్నరన్నట్టు."

"ఔ."

"నాకు ఇయ్యాల్టి నుంచి మాత్ర షురూ చేసిన్రు. వాళ్లకు లేదు గదా." అతని గొంతులో కోపం లేదు, దయా లేదు. "గా ఐదుగురికి చెప్పున్రి మేడమ్. చెప్పినంక రాన్రి, మీ చీరకు సరైన ముక్క తీస్త."

ఇంకో గిరాకీ వచ్చింది. అతను లోపలికి పోయాడు. వసుమతి పక్క దుకాణం మెట్ల మీద, జనం కాళ్లకు అడ్డం లేకుండా ఒక మూలకు ఒదిగి కూచుంది. సంచిలోంచి ఫోన్ నంబర్లు రాసుకున్న నోటుబుక్కు తీసి మూడో నంబరు కలిపింది. అవతల చాలాసేపు మోగాక ఎవరో ఆడమనిషి ఎత్తి, ఎవరు మాట్లాడేదని అడిగింది. ఆబిడ్స్ లాబ్ నుంచి చేస్తున్నానని చెప్పి, వసుమతి ఒక చెవి మూసుకుని, మీ ఆయన ఎట్లున్నడమ్మా అని అడిగింది.